మా కంప్యూటరుకు రంగులు తెచ్చిన ఆపా

పోయిన గురువారం పొద్దున మహబూబ్‌నగర్ నుంచి ఫోను వచ్చింది. అక్కడ పెళ్లిపత్రికలు అచ్చువేసే దుకాణం నడిపే ఆయన. ఆయనతో నేను జన్మలో నాలుగైదుసార్లు మాట్లాడి ఉంటాను. ప్రతిసారీ ఒకే మనిషి గురించి.

"ఆపా పోయిందమ్మా. నిన్న పొద్దుగూకంగ. చాయ్ తాగి పండుకున్నదట, మల్ల లేవలే" అన్నాడు.

తర్వాత ఆయనే, "నాతోని కంప్యూటర్ విప్పిపిచ్చి ఫోన్ల కార్డు మీది నంబర్ చదివిపిచ్చింది, యాదికున్నదా" అని అడిగి చిన్నగా నవ్వాడు. గుర్తులేకపోవడమేమిటి? ఆ రోజు ఆయన చదివిన నంబరు చివర ఏ అక్షరం ఉందో కూడా నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆపా అంటే ఉర్దూలో అక్క. నల్గొండలో గడియార స్తంభం దగ్గరి సందులో, బట్టల దుకాణం పైఅంతస్తులో ఆమె టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. హిందువులకు, ముస్లింలకు, చిన్నవాళ్లకు, ఆమెకన్నా పెద్దవాళ్లకు కూడా ఆమె ఆపాయే. బోర్డు మీద ఆమె భర్త పేరు ఉండేది. ఆయన చనిపోయాక కూడా బోర్డు మార్చలేదు. ఎవరైనా అడిగితే, "పేరు మారిస్తే పోరగాండ్లు దారి తప్పుతరు" అనేది. సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టేది కానీ ఆ సంతకంలో ఆమె పేరు ఎవరికీ అర్థమయ్యేది కాదు.

నేను ఆమె దగ్గర చేరింది ఎనభైల చివర్లో. మోత్కూర్‌లో ఇంటర్ అయ్యాక మా బాపు నన్ను నల్గొండలో మేనత్త ఇంట్లో ఉంచి, టైపు నేర్చుకొమ్మని ఈమెకు అప్పజెప్పాడు. గదిలో పన్నెండు మిషన్లు. పన్నెండూ ఒక్కసారి మోగుతుంటే రేకుల మీద వడగళ్లు పడుతున్నట్టు ఉండేది. ఆ మోతలో ఆపా కిటికీ దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతూనో, పాత రవికకు గుండీలు కుట్టుకుంటూనో ఉండేది. మా వైపు చూసేది కాదు. ఉన్నట్టుండి, "తొమ్మిదో మిషన్, నీ చిటికెన ఏలు పని జేస్తలేదు" అనేది. తొమ్మిదో మిషన్ మీద నేనుండేదాన్ని. చిటికెన వేలితో కొట్టాల్సిన అక్షరం పక్క వేలితో కొడుతున్నానని ఆమెకు చప్పుడును బట్టే తెలిసిపోయేది.

మేం తప్పు కొడితే కోప్పడేది కాదు. మిషన్‌ను తిడితే మాత్రం ఊరుకునేది కాదు. ఒకసారి ఒకతను రిబ్బన్ ఇరుక్కుందని మిషన్ మీద అరచేత్తో చరిచాడు. ఆపా కత్తిపీట పక్కన పెట్టి లేచి వచ్చింది. "అది నీకేదో చెప్తాంది. నువ్వు ఇనకముందే కొడ్తివి" అంది. ఆ రోజంతా అతను పాఠం కొట్టలేదు. ఆ మిషన్ మొత్తం విప్పి, తుడిచి, మళ్లీ బిగించాడు. ఆపా పక్కన స్టూలు మీద కూర్చుని ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెప్తూ ఉంది. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో పెళ్లిపత్రికలు అచ్చువేస్తున్నది అతనే.

తొంభైల్లో కంప్యూటర్లు వచ్చాయి. టైపు నేర్చుకునేవాళ్లు తగ్గారు. చుట్టుపక్కల రెండు ఇన్‌స్టిట్యూట్లు మూతపడ్డాయి. ఆపా నాలుగు టైపు మిషన్లు అమ్మేసి, హైదరాబాదు నుంచి ఎవరో వాడి వదిలేసిన ఒక కంప్యూటరు తెచ్చుకుంది. అప్పటికి ఆమెకు యాభై దాటాయి. నేర్పేవాళ్లు లేరు. కంప్యూటరుతో వచ్చిన లావు పుస్తకం ఒక పక్క, ఉర్దూ నిఘంటువు ఒక పక్క పెట్టుకుని కూర్చునేది. వారం తిరక్కుండానే దాని డబ్బా విప్పి లోపల ఏముందో చూసింది.

ఆమె కంప్యూటరును విప్పే తీరు చూసినవాళ్లు మర్చిపోరు. ముందు బురఖా తీసి మేకుకు తగిలించేది. చేతి గాజులు ఒక్కొక్కటే తీసి టిఫిన్ డబ్బా మూతలో పెట్టేది. తర్వాత వెళ్లి కిటికీ ఇనుప చువ్వను అరచేత్తో పట్టుకుని నిలబడేది. "ఒంట్ల ఉన్న కరెంట్ దింపుకోవాలె. లేకుంటే దానికి దెబ్బ తగుల్తది" అని మొదటిసారి నాకు చెప్పింది. విప్పిన మరలు చాయ్ సాసర్లో పెట్టేది. కుప్పగా పోసేది కాదు. డబ్బా మీద ఏ మూల మర సాసర్లో ఆ వైపునే ఉండాలి.

ఇంకొకటి ఆమె నోటుపుస్తకం. ఏం చేసినా ముందు రాసుకునేది, చేసేది, ఏం జరిగిందో పక్కన రాసేది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటలు ఎడమ నుంచి కుడికి. వరుస నడుమ ఎక్కడో రెండూ ఎదురుపడేవి. చూసేవాళ్లకు తికమక. ఆమెకు ఏమీ ఉండేది కాదు.

టైపు పరీక్షలు పాసయ్యాక నాకు నల్గొండలోనే ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. మర్రిగూడ వైపు ఊళ్లలో భూమి లోపలి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిపోతుంది. అక్కడ ఏ బోరు నీళ్లు తాగవచ్చో, ఏవి తాగకూడదో పరీక్షించి ఊరివాళ్లకు చెప్పడం మా సంస్థ పని. పరీక్ష చేసేవాళ్లు వేరే. వాళ్లు నోటుపుస్తకాల్లో రాసుకొచ్చినదాన్ని కంప్యూటరులో పటంగా గీయడం నా పని. ఒక్కో బోరుకు ఒక్కో చుక్క. ఆకుపచ్చ అయితే తాగొచ్చు. పసుపు అయితే వేరే దిక్కు లేనప్పుడే తాగాలి. నారింజ రంగు అయితే తాగనే తాగొద్దు. తాగొద్దు అనేదానికి ఎరుపు పెట్టి ఉంటే బాగుండేది. ఎరుపును నేను అంతకుముందే రోడ్లకు వాడేశాను.

మా కంప్యూటరు తెర మీద పదహారు రంగులకు మించి వచ్చేవి కావు. చిన్న చుక్కల్లో నారింజ కూడా పసుపులాగే కనిపించేది. అలాగే అలవాటుపడి పని చేశాను. మొదటి పటం ఫ్లాపీలో హైదరాబాదు తీసుకెళ్లి రంగుల్లో అచ్చు వేయించుకొచ్చి ఊళ్లలో పంచాయతీ గోడలకు అంటించాం.

రెండు నెలల తర్వాత, ఒక ఎండాకాలం, జిల్లా అధికారి మా పటం చూడటానికి వస్తున్నారని తెలిసింది. మంచినీళ్ల ట్యాంకులు ముందు ఏ ఊళ్లకు ఇవ్వాలో ఆయన నిర్ణయిస్తారు. శనివారం రావాలి. మా సంస్థ పెద్దాయన, తెర మీద రంగులు బాగా కనిపించేలా కొత్త గ్రాఫిక్స్ కార్డు వేయించమన్నారు. సోమవారం హైదరాబాదు నుంచి కార్డు అమ్మిన దుకాణం మనిషి వచ్చాడు. పాత కార్డు తీసి కొత్తది పెట్టి స్విచ్ వేశాడు. తెర నిండా నిలువు గీతలు వచ్చాయి. ఆపి మళ్లీ వేశాడు. మళ్లీ గీతలే. "డ్రైవర్ ప్రాబ్లం మేడం, రేపు సరిచేస్త" అని ఒక ఫ్లాపీ నా చేతిలో పెట్టి బస్సు వేళయిందని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు.

డ్రైవర్ అంటే ఒక చిన్న ప్రోగ్రాము. కొత్తగా పెట్టిన కార్డుతో ఎట్లా మాట్లాడాలో కంప్యూటరుకు అది నేర్పుతుంది. ఈ సంగతి అప్పుడు నాకే సరిగ్గా తెలియదు, ఇక మా ఆఫీసు వాచ్‌మన్‌కు ఏం తెలుస్తుంది. పొద్దటి నుంచి మేం డ్రైవర్ లేదు, డ్రైవర్ లేదు అనుకోవడం విని, చివరికి దగ్గరికొచ్చి, "మా తమ్ముడు లారీ నడుపుతడు మేడం, జర మంచిగ నడుపుతడు, పిలువాల్నా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నేరుగా ఆపా దగ్గరికి పోయాను.

పొద్దటి క్లాసు అయిపోయాక ఆమె వచ్చింది. బురఖా తగిలించి, గాజులు తీసి, కిటికీ చువ్వ పట్టుకుని నిలబడే, "ఏం జేసిండ్రో మొదటికెల్లి చెప్పు" అంది.

చెప్పాను.

"ఎన్నిసార్లు బంద్ చేసి తెరిచిండ్రు?"

"ఐదారుసార్లు ఆపా."

"ప్రతిసారి ఏమన్న మార్చిండ్రా, ఉత్తగనే తెరిచిండ్రా?"

"ఉత్తగనే."

"అయితే ఒక్కసారి తెరిచినట్టే లెక్క" అని కూర్చుంది.

కొత్త కార్డు తీసి పాతది మళ్లీ పెట్టింది. కంప్యూటరు మామూలుగా వచ్చింది. నోటుపుస్తకంలో రాసింది. "పాత కార్డు పోయిందని ఇది ఇంకా ఎరగదు. దానితోనే మాట్లాడుతాంది. ముందుగాల దాన్ని మరిపియ్యాలె" అని, పాత డ్రైవర్ తీసేసి, ఏ కార్డుకైనా సరిపడే సాదా డ్రైవర్ పెట్టింది. అప్పుడు కొత్త కార్డు బిగించింది. ఈసారి గీతలు రాలేదు. తెర వచ్చింది, పదహారు రంగులతోనే. నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆమె మాత్రం అదీ రాసుకుని ఫ్లాపీ అందుకుంది.

ఫ్లాపీలో చదవమని ఒక చిన్న ఫైలు ఉంటుంది. ఎవరూ చదవరు. ఆపా తెర మీద వేలు పెట్టి, ఒకటో మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివింది. కంపెనీవాళ్లు చెప్పిన కృతజ్ఞతలు కూడా వదిలిపెట్టలేదు. తర్వాత డ్రైవర్ ఎక్కించింది. ఆపి తెరిస్తే మళ్లీ నిలువు గీతలు.

నాకు ఏడుపొచ్చింది. ఆమె సాదా డ్రైవర్‌కు వెనక్కి వెళ్లి, కార్డు మళ్లీ బయటికి తీసింది. కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, తన భూతద్దంతో దాని మీద ఉన్న నల్లటి చిప్పును చూసింది. దాని మీది నంబరు నాతో కాగితం మీద రాయించింది. చివర 'డి' అనే అక్షరం ఉంది. ఫ్లాపీలో చదివిన ఫైలులో అదే నంబరు చివర 'బి' ఉంది.

"గీ ఫ్లాపీ గీ కార్డుది కాదు బిడ్డా. దీని చెల్లెది" అంది. "నీ తప్పు లేదు, దాని తప్పు లేదు. డబ్బాలనే తప్పు పెట్టి పంపిండ్రు."

హైదరాబాదు దుకాణానికి ఫోను చేస్తే సరైన ఫ్లాపీ తెప్పించడానికి పది రోజులు పడుతుందన్నారు. శనివారానికి నాలుగు రోజులే ఉన్నాయి. నల్గొండలో అప్పుడు ఇంటర్నెట్ అనే మాట పేపర్లో చదవడమే. ఆపా నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు పోయింది. మహబూబ్‌నగర్‌లో ఆ పెళ్లిపత్రికలాయన ఈమధ్యే కొత్త కార్డు వేయించాడని ఆమెకు తెలుసు. తన దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఆమెకు అన్నీ తెలుసు.

"నీ డబ్బా విప్పు. కార్డు మీద నంబర్ చూసి చెప్పు" అంది ఫోన్లో.

అవతల ఆయన ఏదో గునిసినట్టున్నాడు. దుకాణంలో గిరాకీ ఉందంటున్నాడేమో.

"గిరాకీ కూసుంటది. నేను ఫోన్ మీదనే ఉంట. ఇనుము పట్టుకున్నంకనే చెయ్యి పెట్టు" అంది.

బూత్‌లో ఉక్కపోత. ఆపా ఫోను చెవికి ఆనించుకుని, అద్దం తలుపు మీద వేలితో ఏదో టైపు కొడుతున్నట్టు కొడుతూ నిలబడింది. చాలాసేపటికి ఆయన వచ్చి ఒక్కో అంకె చదివాడు. ఆపా ఒక్కో అంకెనూ నాకు చెప్పింది. నేను కాగితంతో సరిచూసుకున్నాను. ఆఖరి అక్షరం దగ్గర ఆమె ఆగి, నా ముఖం చూసి, "డి" అంది.

ఫ్లాపీ కాపీ తీసి పొద్దటి బస్సుకు పంపమంది. "ఒకటి కాదు, రెండు తియ్యి. ఒకటి డ్రైవర్‌కు ఇయ్యి, ఒకటి కండక్టర్‌కు ఇయ్యి" అంది. రెండెందుకని నేను అడిగితే, "ఎండకాలం గద" అని ఊరుకుంది.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరం బస్టాండులో నిలబడ్డాం. దేవరకొండ మీదుగా వచ్చే బస్సు గంట ఆలస్యంగా వచ్చింది. డ్రైవర్ దిగి, అద్దం ముందు ఇంజను మీద పెట్టిన ఫ్లాపీ తీసి ఇచ్చాడు. అది అప్పడంలా వంకర తిరిగి ఉంది. కండక్టరు తన తోలుసంచిలో టికెట్ల మధ్య నుంచి రెండోది తీశాడు. ఆపా దాన్ని రుమాలులో చుట్టి పట్టుకుంది. ఆఫీసుకు వచ్చాక వాచ్‌మన్, "దొరికిండా మేడం" అని అడిగాడు. "దొరికిండు. బస్సుల వచ్చిండు" అంది ఆపా నవ్వకుండా.

డ్రైవర్ ఎక్కింది. ఆపి తెరిచాం. తెర నల్లగా అయింది. లెక్కపెట్టడానికి కూడా భయం వేసేంతసేపు నల్లగానే ఉంది. తర్వాత వెలుగు వచ్చింది. అలాంటి నీలం నేను ఆ తెర మీద ఎన్నడూ చూడలేదు. నేను లేచి నిలబడ్డాను. ఆపా నన్ను చూడకుండానే, "ఇంకోసారి బంద్ చేసి తెరువు. ఒక్కసారి వస్తే వచ్చినట్టు కాదు" అంది. మూడుసార్లు తెరిచాక, "ఇగ నీ పటం చూపెట్టు" అని కుర్చీ నాకిచ్చింది.

పటం తెరిచాను. ఇన్నాళ్లూ ఒకేలా కనిపించిన చుక్కలు రెండు రంగులయ్యాయి. పసుపు పసుపుగా, నారింజ నారింజగా. మొదట సంతోషంగానే చూశాను. ఊరూరూ చూసుకుంటూ పోతుంటే ఒక చుక్క దగ్గర చూపు ఆగిపోయింది. మర్రిగూడ దాటి కొంతదూరం నడవాల్సిన చిన్న ఊరు. దాని నడుమ బోరు పసుపులో ఉంది. ఆ బోరు సంగతి నాకు గుర్తుంది. నోటుపుస్తకం తీసి చూశాను. తాగొద్దు అని రాసి, కింద రెండు గీతలు గీసి ఉంది. నేనే తప్పు రంగు పెట్టాను. తెర మీద రెండూ ఒకేలా ఉండటంతో కనిపెట్టలేదు. అదే పటం రెండు నెలలుగా ఆ ఊరి గోడ మీద ఉంది.

"ఏమైంది బిడ్డా" అంది ఆపా.

నోటుపుస్తకం ఆమె ముందుకు జరిపాను. చెప్పాక, "ఇప్పుడే సరిచేస్త ఆపా. శనివారం వరకు ఎవ్వరికి తెల్వది" అన్నాను. చెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది. ఒక్క నొక్కు నొక్కితే నారింజ అయిపోతుంది.

ఆపా గాజులు వేసుకుంటూ ఉంది. ఒక్కొక్కటే వేసుకుని, బురఖా అందుకుంది.

"ఈడ సరిచేస్తే ఈడనే సరి అయితది. వాళ్లు తాగుతున్నరు గద" అంది. ఆ తర్వాత తలుపు దగ్గర ఆగి, "రేపు పొద్దున బస్సు ఎన్నింటికి? నేను గూడ వస్త" అంది.

ఆ మాట అనకపోతే నేను పోయేదాన్నో లేదో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేను. మా పెద్దాయనకు ఆ సాయంత్రమే చెప్పాను. ఆయన చాలాసేపు బల్ల మీది కాగితాల వైపు చూసి, పొమ్మన్నారు.

గురువారం తొలి బస్సుకు బయలుదేరాం. దిగి పత్తి ఏరేసిన చేలల్లో నడిచి ఊరు చేరేసరికి ఆ బోరు దగ్గర ఐదారుగురు ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని ఉన్నారు. దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. "గీ నీళ్లు తాగొద్దు. పటంల రంగు తప్పు పెట్టిన. నాదే తప్పు" అన్నాను. అంతే వచ్చింది.

చేతిపంపు కొడుతున్నామె ఆగింది. పేరు బాలమ్మ అని తర్వాత తెలిసింది. నలభై అయిదేళ్లు ఉంటాయి. ఆమె నడుము అప్పటికే కొంచెం వంగి ఉంది.

"వేరే దిక్కు లేకుంటే తాగొచ్చని గోడ మీద రాస్తిరి గద" అంది. "మేము దూరంకెల్లి తెచ్చుకునేటోళ్లం. గా పటం సూసినంకనే ఇక్కడికి మర్లినం. మా కోడలు కడుపుతోని ఉన్నది. రెండు నెలల సంది గివే తాపిస్తున్న. ఇప్పుడొచ్చి తప్పు రాసిన అంటవా?"

నేను తల దించుకున్నాను. మిగతావాళ్లూ అందుకున్నారు. వాళ్లు అన్నదాంట్లో చాలావరకు నిజమే. మీ కంప్యూటర్లు మాకెందుకన్నారు. ఏసీ గదుల్లో కూర్చుని రాస్తారన్నారు. మా ఆఫీసులో ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు కానీ ఆ సంగతి చెప్పే వేళ కాదు.

ఆపా ముఖం మీది ముసుగు తీసి, బోరు గట్టు మీద కూర్చుంది. అక్కడ నీళ్లు పడి తడిగా ఉన్నా చూసుకోలేదు. వాళ్లు అనేదంతా అననిచ్చింది. నా తరఫున ఒక్క మాట చెప్పలేదు. వాళ్లు ఆగాక, బాలమ్మను చూసి, మెల్లగా అంది.

"తిట్టుండ్రి. తిట్టించుకోనీకే వచ్చింది. తిట్టుడు అయినంక ఏ బోరు నీళ్లు మంచియో అడుగుండ్రి. అది గూడ గీ పిల్లకే తెలుసు."

బాలమ్మ బిందెను ఒంచి, అందులో పట్టిన నీళ్లన్నీ నేల మీద పారబోసింది.

"మరి ఏది మంచిది?" అంది.

పటం విప్పి చూపించాను. ఊరికి తూర్పున ఒక రైతు చెలకలో బోరు ఆకుపచ్చ. ఊరివాళ్లకు ఆ బోరు తెలుసు కానీ అది సొంత పొలంలోది, అడగడానికి మొహమాటం. అందరం కలిసే పోయాం. ఆ రైతు మోటారు దగ్గర కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. మేమింతమందిమి ఎందుకొచ్చామో విన్నాక, "కరెంటు ఉన్నప్పుడు వచ్చి పట్టుకపోండ్రి. తాగే నీళ్లకు నేను అడ్డం వడ్తనా. ఇన్నొద్దులు ఎవరన్న అడిగిండ్రా నన్ను" అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టుగానే.

కోడలి గురించి నాకు ప్రాణం కుదుటపడలేదు. తిరిగి వచ్చేటప్పుడు మర్రిగూడ దవాఖానలో డాక్టరును అడిగాం. ఈ జబ్బు ఏళ్ల మీద ముదిరేదని, రెండు నెలలకు భయపడవద్దని, ఇక మంచినీళ్లే తాగించమని ఆయన చెప్పాడు. ఆ మాట బాలమ్మకు చేరవేయడానికి ఆపా నన్ను మళ్లీ అంతదూరం వెనక్కి నడిపించింది. "భయపెట్టి వచ్చినం గద. ధైర్యం గూడ మనమే చెప్పాలె" అంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. దారిలో రెండుచోట్ల గట్టు మీద కూర్చుని మళ్లీ లేచింది.

శనివారం అధికారి వచ్చినప్పుడు మా పెద్దాయన ముందు ఆ తప్పు సంగతే చెప్పారు. అధికారి పటం మొత్తం ఒక్కో చుక్కనూ నోటుపుస్తకాలతో సరిచూడమన్నారు. నేనూ ఆపా రెండు వారాలు కూర్చుని సరిచూశాం. ఆమె చదివేది, నేను చూసేదాన్ని. ఇంకో తప్పు దొరకలేదు. ట్యాంకు ఇచ్చే ఊళ్ల జాబితాలో బాలమ్మవాళ్ల ఊరు పేరు వచ్చింది.

ఆ తర్వాత ఆపా మా ఆఫీసుకు చాలాసార్లు వచ్చింది. మా తర్వాత పట్టణంలో ఎవరు కొత్త కార్డు వేయించుకున్నా ముందు ఆమెకే కబురు పంపేవాళ్లు. కొందరు హైదరాబాదులో కోర్సులు చేసి వచ్చినవాళ్లు కూడా. వాళ్లు పరుగులు పెట్టి మీటలు నొక్కుతుంటే ఆమె వెనక నిలబడి, "ఏం రాసింది తెర మీద, మొత్తం చదువు నాయినా" అనేది. సగం కంప్యూటర్లు ఆ ఒక్క మాటతోనే బాగయ్యేవి. ఇన్‌స్టిట్యూట్‌లో టైపు మిషన్లు ఆరు, కంప్యూటర్లు ఆరు అయ్యాయి. ఆ రెండు చప్పుళ్ల నడుమ కూర్చుని ఆమె ఎప్పటిలాగే ఉల్లిగడ్డలు తరిగేది.

వానాకాలం పోయాక ఒక రోజు ఆమె మా కొత్త ప్రింటరుకు డ్రైవర్ ఎక్కిస్తూ ఉంది. తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. చూస్తే బాలమ్మ. చేతిలో గుడ్డ చుట్టిన గాజు సీసా. బస్సు ఎక్కి ఒక్కతే వచ్చింది. కోడలికి ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ బాగున్నారని చెప్పింది. తర్వాత సీసా నా బల్ల మీద పెట్టింది.

"బడి కాడ కొత్త బోరు ఏసిండ్రు. మంచిగ తియ్యగున్నయ్ అంటున్నరు అందరు. నేనైతే ఇంక ఎవ్వరిని తాగనీయలే" అంది. "గివి ఏ రంగు నీళ్లో చూసి చెప్పు బిడ్డా."

పరీక్ష చేసేవాళ్లు లోపలే ఉన్నారు. సీసాలో కొంత తీసుకుని మందు వేసి చూశారు. రెండోసారీ చూశారు. తాగవచ్చు అన్నారు.

ఆపా తన కుర్చీలోంచి లేచి, "కూసో అమ్మా" అని బాలమ్మను కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. పటం తెరిచి, ఆమె చెయ్యి తీసి మౌస్ మీద పెట్టి, దాని మీద తన చెయ్యి వేసింది. "గట్టిగ పట్టకు. పావురంను పట్టుకున్నట్టు పట్టు" అంది. బాణం గుర్తు తెర అంతా తిరిగి తిరిగి ఊరు దగ్గరికి చేరింది. అక్కడ బడి పక్కన ఒక ఆకుపచ్చ చుక్క పడింది.

బాలమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"మా ఊరేనా ఇది?"

"మీ ఊరే."

"మల్ల మారదు గద?"

"నీళ్లు మారితే మారుతది" అంది ఆపా. "యాడాదికి ఒకసారి సీస వట్టుకొని రా. చూసి చెప్తం."

"వస్త" అంది బాలమ్మ.

సీసాలో ఇంకా సగం నీళ్లున్నాయి. బాలమ్మ లేచి, మూలన బోర్లించి ఉన్న రెండు గ్లాసులు తెచ్చింది. ఆపాకు సగం, నాకు సగం పోసింది. మేం తాగేదాకా అక్కడే నిలబడి చూసి, ఖాళీ సీసా గుడ్డలో చుట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.